ఇండియా–బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ మ్యాచ్: 18 టికెట్లు తక్కువ రేటుకు ఎట్లా దొరుకుతయి?

అన్నలూ, అక్కలూ, చిన్న సాయం కావాలె. మహబూబ్‌నగర్ నుంచి 18 మందిమి, అందులో 12 మంది స్కూలు పిల్లలు. ఈసారి మ్యాచ్ బెంగళూరు కంఠీరవ స్టేడియంలో పడితే పోదామని లెక్క. 2023లో పాకిస్తాన్ మీద 4–0తో గెలిచింది, సునీల్ ఛెత్రి మూడు గోల్స్‌తో హ్యాట్రిక్ కొట్టింది అక్కడే కదా!

రైలు సంగతి తెలుసు: 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తరు, పీఎన్‌ఆర్‌కు ఆరుగురే, అంటే మూడు టికెట్లు. చిక్కంతా మ్యాచ్ టికెట్లతోనే. ఒక్కో ఖాతాకు ఇన్నే అని పరిమితి పెడితే నాలుగు ఫోన్లతో కొనాలె. అప్పుడు పిల్లలు ఒక స్టాండుల, పెద్దలు ఇంకో స్టాండుల. కూపన్ కొడితే 50 రూపాయలు తగ్గినట్టే కనిపిస్తది. ఆఖరి పేజీల కన్వీనియెన్స్ ఫీజు, దానిమీద జీఎస్టీ పడి మళ్లా మొదటికే.

గుంపు తగ్గింపు కోసం ఎవరికి రాయాలె, దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కా, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికా? స్కూల్ లెటర్‌హెడ్ మీద పేర్లు, వయసులు రాస్తే చాలా? ఎన్ని రోజుల ముందు పంపాలె? గేటు కాడ ఒకే ఫోన్‌ల 18 క్యూఆర్ కోడ్‌లు చూపిస్తే ఒప్పుకుంటరా, లేక కాగితం టికెట్లు మార్చుకోవాల్నా?

సగం ధరకు పీడీఎఫ్ పంపేటోళ్ల నంబర్లు మాత్రం ఇయ్యకుండ్రి. అదే పీడీఎఫ్ పదిమందికి అమ్ముతరు, ముందు స్కాన్ అయినోడే లోపలికి.