తరగతి గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టి కిటికీలు మూసేయడం సరైనదేనా?

నల్లబల్ల:
మా బడి తల్లిదండ్రుల కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రతి తరగతికీ ఎయిర్ ప్యూరిఫయర్ కొని, ఇక కిటికీలు మూసే ఉంచాలట. నేను ఒప్పుకోలేకపోతున్నాను. బయటి దుమ్ము గురించి అందరం మాట్లాడతాం, గది లోపలే పుట్టేవాటి సంగతి ఎవరూ ఎత్తరు. కొత్త బెంచీలకు వాడే ప్లైవుడ్, పార్టికల్ బోర్డులలో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటే, దాని నుంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు నెలల తరబడి వస్తూనే ఉంటుంది. ఎండ, ఉక్క పెరిగితే ఇంకా ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ప్యూరిఫయర్‌లోని హెపా ఫిల్టర్ కణాలను ఆపుతుంది, వాయువులను ఆపలేదు. కిటికీలు మూస్తే ఆ వాయువు ఎటు పోవాలి?

పాలపిట్ట:
మీ బడి ఎక్కడుందో గానీ, మా పిల్లల బడి పెద్ద రోడ్డును ఆనుకునే ఉంది. కిటికీ తీస్తే నేరుగా డీజిల్ పొగే. మా బాబుకి ఆస్తమా. పీఎం 2.5 అనే అతి సన్నటి కణాలు రోజు సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అలాంటి రోడ్డు పక్కన కిటికీలు బార్లా తీసి ఈ లెక్కలో ఎలా ఉంటామండీ? కొన్ని మెషీన్లలో కార్బన్ ఫిల్టర్ కూడా ఉంటుంది కదా, వాయువుల పని అది చూసుకుంటుంది.

వేపచెట్టు:
నేను టీచర్ని. సోమవారం పొద్దున తాళం తీసి లోపలికి వెళ్తే రెండు రోజులు మూసి ఉన్న గది వాసన గుప్పున కొడుతుంది. కొత్త అలమరలు వచ్చిన గదిలో అయితే కళ్లు మండుతాయి, ముందు బెంచీ పిల్లలు కళ్లు నులుముకుంటూ కూర్చుంటారు. పాఠం మొదలుపెట్టకముందే తలుపులు, కిటికీలు అన్నీ తీసి, ఫ్యాన్లు వేసి, పిల్లల్ని కాసేపు వరండాలో ఉంచుతాను. ఇంకో మాట. నిమ్మ వాసన ఫ్లోర్ క్లీనర్‌తో తుడిచిన గదిలో ఓజోన్ వాయువు వదిలే అయోనైజర్ రకం ప్యూరిఫయర్ పెట్టకండి. ఆ సువాసనలోని లిమొనీన్ ఓజోన్‌తో కలిస్తే మళ్లీ ఫార్మాల్డిహైడే పుడుతుంది, సన్నటి కణాలు కూడా. గాలి బాగు చేయాలని పెట్టిన మెషీనే పాడు చేస్తుంది!

నల్లబల్ల:
పాలపిట్ట గారూ, బాబు విషయంలో మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. మెషీన్ వద్దని నేను అనడం లేదు, దాన్ని నమ్ముకుని కిటికీలు మూయొద్దంటున్నాను. మీరన్న కార్బన్ ఫిల్టర్లలో ఉండే మామూలు యాక్టివేటెడ్ కార్బన్ ఫార్మాల్డిహైడ్‌ను సరిగా పట్టుకోలేదు. పట్టుకున్నంత వరకూ పట్టుకుని నిండిపోతుంది, అప్పుడు మార్చాల్సిందే. ఎన్ని బడుల్లో వేళకి మారుస్తారు?

కార్బన్ డయాక్సైడ్ సంగతి చూడండి. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 420. నలభై మంది పిల్లలు మూసిన గదిలో కూర్చుంటే చూస్తుండగానే వెయ్యి దాటిపోతుంది. గదిలో వెయ్యి దాటకూడదని జర్మన్ శాస్త్రవేత్త పెటెన్‌కోఫర్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు. దాన్ని ఏ హెపా ఫిల్టరూ తగ్గించదు. మధ్యాహ్నం పిల్లలు జోగుతుంటే బద్ధకం అంటాం గానీ, గదిలో గాలి ఆడుతోందా అని చూడం.

పాలపిట్ట:
సరే, ట్రాఫిక్ తగ్గిన గంటల్లోనూ, బడి మొదలవకముందూ తీస్తే నాకు అభ్యంతరం లేదు. రోడ్డు వైపువి మూసి, వెనక వైపువి తీయొచ్చు. కానీ రద్దీ వేళల్లో మెషీన్ తిరగాల్సిందే. అది తీసేస్తానంటే ఒప్పుకోను.

వేపచెట్టు:
దానికి నేనూ సరేనంటాను. అయితే కమిటీ డబ్బు ఖర్చు పెట్టే ముందు బెంచీల సంగతి తేల్చాలి. ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే ఈ1 గ్రేడ్ బోర్డేనా అని అమ్మేవాళ్లని కాగితం మీద రాసిమ్మనండి. రంగులు, వార్నిష్ పనులు పెద్ద సెలవులు మొదలవగానే చేయించండి, బడి తెరిచే ముందు వారం కాదు.

నల్లబల్ల:
ఈ రెండూ వచ్చే మీటింగులో రాతపూర్వకంగా పెడతాను. పాలపిట్ట గారూ, వెనక కిటికీల మాట కూడా అందులో చేరుస్తాను.