హిందూపురంలో 1983 నుంచి టీడీపీ ఓడిపోలేదు. కారణం నందమూరి పేరేనా?

అడిగినవారు: పెన్నాగట్టు

ఆఫీసులో వాదన పెట్టుకున్నాం. మావాడొకడు హిందూపురం అంటే నందమూరి కుటుంబం సొంత సీటు, అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు అంటాడు. నాకెందుకో అంత సింపుల్ అనిపించట్లేదు. 1983 నుంచి ఒక్కసారి కూడా టీడీపీ ఓడలేదనేది నిజమేనా? ఇంకోటి, 1985లో ఎన్టీఆర్ ఒకేసారి మూడు చోట్ల పోటీ చేశారట, అదెలా కుదిరింది? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టుకోకుండా.

సీమబిడ్డ: నిజమే బ్రో, ఓడలేదు. కానీ అన్నిసార్లూ నందమూరి వాళ్లే నిలబడ్డారనుకుంటే తప్పు. 1983లో గెలిచింది రంగనాయకులు, ఎన్టీఆర్ కాదు. ఆయన ఆ ఎన్నికల్లో గుడివాడ, తిరుపతి నుంచి పోటీ చేశారు. హిందూపురం వచ్చింది 1985లో. తర్వాత 89, 94 కూడా ఆయనే. 1996 జనవరిలో ఆయన పోయాక ఉపఎన్నికలో హరికృష్ణ గెలిచారు. ఇక్కడి నుంచి చూడండి: 1999లో వెంకటరాముడు, 2004లో మళ్లీ అదే రంగనాయకులు, 2009లో అబ్దుల్ ఘనీ. వరుసగా మూడు ఎన్నికలు నందమూరి ఇంటిపేరు లేకుండానే గెలిచారు. బాలకృష్ణ వచ్చింది 2014లో. హరికృష్ణ 1999లో సొంత పార్టీ పెట్టి గుడివాడలో పోటీ చేసి ఓడిపోయారు, అంటే ఇంటిపేరు ఒక్కటే సరిపోదనేది అక్కడే తేలిపోయింది కదా.

మూడు సీట్ల సంగతి: అప్పట్లో ఒకరు ఎన్ని చోట్ల పోటీ చేయాలన్నదానికి పరిమితి లేదు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. గరిష్ఠంగా రెండు చోట్లే అన్న రూల్ 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించాక వచ్చింది.

లేపాక్షి_నంది: పైన చెప్పింది కరెక్టే గానీ పేరును మరీ తీసిపారేయకండి సామీ. 1989లో పార్టీ రాష్ట్రంలో అధికారం పోగొట్టుకుంది, ఎన్టీఆర్ అంతటివారు కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు, అయినా హిందూపురం ఆయన్ను గెలిపించింది. 2019 ఇంకా వింత. రాష్ట్రంలో టీడీపీకి వచ్చిందే 23 సీట్లు. హిందూపురం లోక్‌సభ పరిధిలో రాప్తాడు, ధర్మవరం, కదిరి, పుట్టపర్తి, పెనుకొండ, మడకశిర ఆరూ వైసీపీకి పోయాయి, ఎంపీ సీటు కూడా గోరంట్ల మాధవ్ తన్నుకుపోయారు. ఆ ఊపులో ఇదొక్కటే నిలబడింది. పైగా మెజారిటీ 2014లో 16 వేల పైచిలుకు ఉంటే 2019లో ఇంకాస్త పెరిగింది! ఇందులో బాలయ్య పేరు పని చేయలేదంటే నేనైతే నమ్మను.

సీమబిడ్డ: పని చేయలేదని నేననలేదు. 2004లో పార్టీకి 294లో 47 సీట్లే వచ్చాయి, అంత గాలిలోనూ హిందూపురంలో గెలిచింది రంగనాయకులే కదా. దానికేం సమాధానం? నా లెక్కలో సగం కారణం అవతలి పక్షమే. వైసీపీ 2014లో నవీన్ నిశ్చల్, 2019లో రిటైర్డ్ పోలీస్ అధికారి ఇక్బాల్, 2024లో దీపిక, ప్రతిసారీ కొత్త ముఖం. ఇక్బాల్ అయితే 2024 ఎన్నికల ముందు టీడీపీలోనే చేరిపోయారు. ఐదేళ్లు ఊళ్లు తిరిగి కేడర్‌ని కాపాడుకున్న మనిషికే చివర్లో టికెట్ దక్కకపోతే ఇక పని ఎవడు చేస్తాడు, గ్రూపు తగాదాలు కాకపోతే? అభ్యర్థిని మార్చిన ప్రతిసారీ మెజారిటీ పెరిగింది, 2024లో 32 వేలు దాటింది.

టౌన్‌వార్డు: హిందూపురం కంచుకోట అంటారు గానీ 2021 మున్సిపల్ ఎన్నికల్లో అదే టౌన్ వైసీపీకి ఇచ్చారు. 2025లో చైర్మన్ పదవి టీడీపీకి వచ్చింది గానీ అది కౌన్సిలర్లు ఎన్నుకున్నది, జనం మళ్లీ ఓటేయలేదు. అంటే ఇక్కడి జనానికి వైసీపీకి ఓటేయడం రాదని కాదు. జిల్లా కేంద్రం విషయంలో కూడా కోపం ఉండింది, 2022లో కొత్త జిల్లాకి పుట్టపర్తిని కేంద్రం చేశారు, హిందూపురం వాళ్లు గట్టిగా అడిగారు, బాలకృష్ణ మౌనదీక్ష కూడా చేశారు. 2024 మెజారిటీలో దాని వాటా కూడా ఉందని నా అనుమానం.

పెన్నాగట్టు: థ్యాంక్స్ అందరికీ. 1999, 2004, 2009 పాయింట్ మావాడికి పంపించా. వెంటనే "కుప్పం సంగతేంటి మరి" అన్నాడు. అక్కడ కూడా 83 నుంచి టీడీపీయేనా?

సీమబిడ్డ: అవును. 83, 85 రంగస్వామి నాయుడు, 89 నుంచి ఇప్పటిదాకా చంద్రబాబు. ఈ వాదన కుప్పానికైతే మీవాడు పెట్టుకోవచ్చు.