మొదటి గేమింగ్ పీసీ: ఈ లిస్టులో ఏది తీసెయ్యాలి?

లోడింగ్99

అందరికీ నమస్తే. ఆరేళ్ల పాత లాప్‌టాప్ మీద వాలరంట్ ఆడుతున్నా. ఎవడైనా స్మోక్ వేస్తే చాలు, సెకనుకి ఫ్రేములు 40 నుంచి 22కి జారిపోతాయి. పొగ విడేసరికి నేను చచ్చి, మిగతావాళ్ల ఆట చూస్తుంటా. ఇక నావల్ల కాక సొంతంగా పీసీ అసెంబుల్ చేద్దామని డిసైడయ్యా. స్క్రూడ్రైవర్ పట్టడం ఇదే మొదటిసారి. వారం పాటు వీడియోలు చూసి రాసుకున్న లిస్టు ఇది:

రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటే స్టిక్ (తర్వాత ఇంకోటి వేసుకోవచ్చని), 240 ఎంఎం లిక్విడ్ కూలర్, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, ముందు అద్దం ఉన్న ఆర్జీబీ కేబినెట్, దాంతోపాటే వచ్చే 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా). మానిటర్ ఉంది, 1080పీ, 75 హెర్ట్జ్.

వాలరంట్‌తో పాటు సైబర్‌పంక్ 2077 కూడా ఆడాలి. బడ్జెట్ ఇంక పెంచే దారి లేదు. ఏది తీసి ఏది పెట్టమంటారు?

పాతస్క్రూడ్రైవర్

లిస్టు చూశా తమ్ముడూ. మెరిసేవాటికి ధారాళంగా పెట్టి, ఆడించేదాని దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకున్నావు.

ముందు ఆ లిక్విడ్ కూలర్ కొట్టెయ్. 5600 అంటే 65 వాట్ల చిప్పు, పెట్టెలోనే కూలర్ ఇస్తారు. కాస్త చప్పుడు చేస్తుంది, ఎలాగూ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఆడతావు. అద్దం కేబినెట్ కూడా తీసెయ్. ముందు జాలీ ఉన్నది ఏదైనా సరే, గాలి ఆడాలి. ఈ రెంటి మీద మిగిలింది మొత్తం కార్డులో పెట్టు.

6500 ఎక్స్‌టీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ బోర్డుతో కలిస్తే అది మరీ దెబ్బ. ఆ కార్డు స్లాటు నిండా కూర్చుంటుంది గానీ వాడుకునేది నాలుగే లేన్లు (డేటా వెళ్లే దారులు). పీసీఐఈ (కార్డు కూర్చునే స్లాటు) 4.0 ఉన్న బోర్డులో ఆ నాలుగే ఎలాగోలా నెట్టుకొస్తాయి. నీ బీ450లో ఉన్నది 3.0, అంటే ఒక్కో లేను వేగం సగం. 4 జీబీ మెమరీ నిండగానే కార్డు సిస్టం ర్యామ్ దగ్గరికి పరిగెత్తాలి, ఆ పరుగు ఈ ఇరుకు సందులోంచే. సైబర్‌పంక్‌లో టెక్స్చర్లు పెంచావనుకో, సగటు ఫ్రేములు బాగానే ఉన్నట్టు కనిపిస్తూ, బండి మీద వీధి మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఠక్కున ఆగి మళ్లీ కదులుతుంది. దాని బదులు ఆర్ఎక్స్ 6600 చూడు. 8 జీబీ, ఎనిమిది లేన్లు, 3.0 బోర్డులోనూ పెద్దగా నష్టపోదు. నీ మానిటర్‌కి అంతకంటే అక్కర్లేదు.

ఇక ఎస్ఎంపీఎస్. ఇందులో నేను దెబ్బ తిన్నదాన్ని. నా మొదటి పీసీలో కేబినెట్‌తో వచ్చినదే వాడా, దాని మీద కూడా 500 వాట్లనే ఉంది. ఎనిమిది నెలలు కిమ్మనలేదు. ఒక రాత్రి మ్యాచ్ మధ్యలో టప్‌మంది, స్క్రీన్ ఆరిపోయింది, గదంతా కాలిన వాసన. పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. మర్నాడు విప్పాక గానీ పక్కనున్న స్టిక్కర్ చదవలేదు: 12 వోల్టుల దగ్గర 22 ఆంపియర్లు. గుణించు, 264 వాట్లు. ప్రాసెసరూ కార్డూ రెండూ లాగేది ఆ 12 వోల్టుల లైను నుంచే. మిగతా వాట్లు మనకు పెద్దగా పనికిరాని లైన్లలో చూపించిన లెక్క. ఏది కొన్నా ముందు ఆ స్టిక్కర్ చదువు.

నీకు 6600 తాగేది 132 వాట్లు, ప్రాసెసర్ 65 పైచిలుకు, అన్నీ కలిపినా 300 దాటవు. నికరమైన 550 వాట్లది దండిగా సరిపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ అని ముద్ర ఉంటుంది, అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పేదే, లోపల ఎలాంటి కెపాసిటర్లు వేశారో చెప్పదు. వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నారో చూసుకో, నేనైతే దాన్నే ఎక్కువ నమ్ముతా.

మూడోస్లాట్

కార్డు, ఎస్ఎంపీఎస్ విషయంలో నాదీ అదే మాట. ప్రాసెసర్ దగ్గరే ఒప్పుకోను. 75 హెర్ట్జ్ మానిటర్‌కి 5600 దేనికి? కోర్ ఐ3-12100ఎఫ్, దానికి తగ్గ బోర్డు వేసి ఆ మిగిలింది కూడా కార్డు వైపు తోయొచ్చు.

ర్యామ్ మాత్రం 8, 8 రెండు స్టిక్కులు తీసుకో. ఒక్క స్టిక్ అంటే ఒకటే ఛానెల్, బ్యాండ్‌విడ్త్ సగం. "తర్వాత ఇంకోటి" అనుకుని నేను మూడేళ్లు అలాగే ఉన్నా. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ. 3200 ర్యామ్ కొన్నా బయోస్‌లో (బోర్డులో ఉండే సెట్టింగ్స్ ప్రోగ్రామ్) ఎక్స్ఎంపీ అనే ర్యామ్ స్పీడు సెట్టింగ్ ఆన్ చెయ్యకపోతే తక్కువ స్పీడులోనే నడుస్తుంది, అదొకటి మర్చిపోకు.

హార్డ్ డిస్క్ ఎందుకు? సైబర్‌పంక్ కనీస అవసరాల్లోనే 2023 నుంచి ఎస్ఎస్‌డీ అని రాశారు. 256 అంటే విండోస్, ఇంకో రెండు గేములతో నిండిపోతుంది. రెండూ మానేసి ఒకే 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ.

పాతస్క్రూడ్రైవర్

ఐ3 చెడ్డదని కాదు, కానీ దానికి నాలుగే కోర్లు. సైబర్‌పంక్‌లో జనం కిక్కిరిసిన మార్కెట్లోకి వెళ్తే ఉన్న కోర్లన్నీ వాడేసుకుంటుంది. వాలరంట్ కార్డు కంటే ప్రాసెసర్ మీదే ఎక్కువ బతుకుతుంది. రేపు 144 హెర్ట్జ్ మానిటర్ కొంటే కేబుల్ మారిస్తే చాలు, ప్రాసెసర్ మార్చాలంటే కూలర్ విప్పాలి. నేను 5600 దగ్గరే ఆగుతా. ర్యామ్, ఎస్ఎస్‌డీ మాటలు మాత్రం అక్షరాలా నిజం.

లోడింగ్99

థాంక్స్ అన్నా! కూలర్, కేబినెట్, హార్డ్ డిస్క్ మూడూ కొట్టేశా. ఇంకా కొంచెం తక్కువే పడుతోంది. మిగతావన్నీ ఇప్పుడు కొని, కార్డు రెండు నెలలాగి కొంటే?

పాతస్క్రూడ్రైవర్

అన్నా కాదు, అక్కని. "తిన్నదాన్ని" అని రాశాను కదయ్యా.

5600లో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకపోతే ఆ రెండు నెలలూ నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. 5600జీ అయితే బొమ్మ వస్తుంది గానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ) 32 ఎంబీ బదులు 16 ఎంబీనే, రేపు కార్డు వేశాక అదే వెనక్కి లాగుతుంది. రెండు నెలల కోసం దాంతో ఏళ్ల తరబడి ఎందుకు? ఆగగలిగితే మొత్తం కొనడమే ఆపు. లేదా సెకండ్‌హ్యాండ్ 6600 చూడు. నీ కళ్లముందు ఓ పావుగంట గేమ్ నడిపించి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూసి తీసుకో. ఎస్ఎంపీఎస్ మాత్రం సెకండ్‌హ్యాండ్ వద్దు.

మూడోస్లాట్

ఇంకొకటి. బీ450 వచ్చింది 2018లో, 5600 వచ్చింది 2022లో. బోర్డు పాత స్టాకు అయితే దాని బయోస్ ఈ ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకో, పెన్‌డ్రైవ్‌తో నువ్వే అప్‌డేట్ చేసుకోవచ్చు.

లోడింగ్99

మూడు వారాల తర్వాత వస్తున్నా. అన్నీ వచ్చేశాయి, సెకండ్‌హ్యాండ్ 6600 దొరికింది. ప్రాసెసర్, కూలర్, ర్యామ్ అయిపోయాయి. ఎస్ఎస్‌డీ స్లాటులో పెట్టా, కానీ రెండో కొస పైకి లేచి నిలబడింది. దాన్ని అదిమిపెట్టే బుల్లి స్క్రూ లేదు అక్కా. అట్టపెట్టె రెండుసార్లు దులిపా. టేపు వేసెయ్యనా?

పాతస్క్రూడ్రైవర్

టేపు జోలికి పోకు. పెట్టెలో కాదు, బోర్డు మీదే వెతుకు. ఎం.2 స్లాటుకి ఎదురుగా, ఎస్ఎస్‌డీ కొస ఆనే చోటో, ఇంకో పొడవు కోసం పెట్టిన కన్నంలోనో ముందే బిగించి ఉంటుంది.

లోడింగ్99

ఉంది. ఎస్ఎస్‌డీ కిందే ఉంది, నేను దాని మీదే పెట్టేశా.