సమస్య: చెత్త సినిమాయె జనులకు చేసె మేలు

నిర్వాహకుడు (సత్యనారాయణపురం):
పోయిన వారం మన పద్యాల గ్రూపువాళ్లు పద్యాలు పక్కన పెట్టి, ఆడని సినిమాలను ఏకి పారేసే కామెడీ రివ్యూలు చూడటం దండగా, ఏమన్నా పనికొచ్చేదా అని కొట్టుకున్నారు. ఆ తగువునే సమస్యగా ఇస్తున్నాను. పైనున్నది చివరి పాదం, దానికి అతికేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగాల్సింది, నాలుగో గణం మొదటి అక్షరం. పాదాల రెండో అక్షరాలు కలవాలనే ప్రాస నియమం లేదు కాబట్టి సాకులు చెల్లవు. రివ్యూ, సీను లాంటి మాటలు వాడుకోవచ్చు. ఫలానా సినిమా, ఫలానా హీరో అని మాత్రం రాయకండి. ఫ్యాన్స్‌తో నేను పడలేను.

గాంధీనగర్ కుర్రాడు:
మండుటెండల బెజవాడ మనసు లుడుక
ఇంట కూర్చుండి చూచితి మింపుగాను
కథను చీల్చెడి రివ్యూను కడుపు లుబ్బ
చెత్త సినిమాయె జనులకు చేసె మేలు

బ్రాడీపేట మాస్టారు:
నడక బాగుంది బాబూ, యతులన్నీ కుదిరాయి. రెండో పాదం మొదట 'ఇంట' అని అచ్చు వదిలేశావు, పై పాదంతో కలిపి 'నింట' అను. యతికి ఢోకా లేదు. అసలు లోటు అర్థంలో ఉంది. నవ్వించింది రివ్యూ చేసినవాడు. మేలు చేసిన పేరు సినిమాకెందుకు పోవాలి? పై మూడు పాదాలూ ఒక దారిన పోతే నాలుగోది ఇంకో దారిన పోయింది.

గాంధీనగర్ కుర్రాడు:
సినిమా లేకపోతే రివ్యూ ఎక్కడిది మాస్టారూ!

బ్రాడీపేట మాస్టారు:
ఆ మాటేదో పద్యంలో చెప్పాలి.

మాచవరం అక్క:
ఎండ తాళక దూరితి మేసి హాలు
తెరను చూడక గురకలే తీసినాము
మూడు గంటలు చల్లగా ముగిసె నిద్ర
చెత్త సినిమాయె జనులకు చేసె మేలు

నిర్వాహకుడు:
ఇద్దరూ ఎండనే పట్టుకున్నారు. మే నెలలో బెజవాడ వాళ్లను తప్పు పట్టలేం. ఇక్కడ మేలు చేసింది అచ్చంగా సినిమాయే, సమస్య గట్టెక్కింది. మంచి సినిమా అయితే నిద్ర పట్టేది కాదు కదా! 1921లోనే మారుతీ టాకీస్ అనే సినిమా హాలు వచ్చిన ఊరిది. నూరేళ్లు దాటినా ఈ ప్రయోజనాన్ని ఎవరూ పద్యానికి ఎక్కించినట్టు లేదు. కాకపోతే రివ్యూ ఊసే లేదక్కా, తగువు అలాగే ఉండిపోయింది.

అరండల్‌పేట ఎడిటర్:
అతుకు లతకని సీనుల నరసి చూపి
తప్పు నెరిగించు రివ్యూలు తగిన చదువు
కెమెర పట్టెడు వారికి గీటురాయి
చెత్త సినిమాయె జనులకు చేసె మేలు

ఒక ముక్క చెప్పుకోనివ్వండి. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మొన్నొక రివ్యూలో ఏడుపు సీను ఆపి చూపించాడు. దగ్గర షాట్‌లో తల్లి కొంగు కుడి భుజం మీద ఉంది, దూరం షాట్‌లో ఎడమ భుజం మీదికొచ్చింది, మళ్లీ దగ్గరికొస్తే కుడివైపే. అతను పెద్దగా ఏమీ అనలేదు, మూడు ఫ్రేములూ పక్కపక్కన పెట్టి "అమ్మకు ఏడవడానికి తీరికేదీ, కొంగుతోనే సరిపోయింది" అన్నాడంతే. పడీపడీ నవ్వాను. ఆ రాత్రి తలంబ్రాల బిట్టు కోస్తూ పెళ్లికూతురి దండ ఎటుందో షాటు షాటుకీ చూసుకున్నాను. అమెరికాలో 1988లో మొదలైన మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 అనే టీవీ షోలో ఒక మనిషి, రెండు రోబో బొమ్మలు తెర ముందు కూర్చుని చెత్త సినిమా నడుస్తుండగానే కామెంట్లు వేసేవాళ్లు. మనకిది కొత్తా? నేల టికెట్టు వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే.

బ్రాడీపేట మాస్టారు:
భేష్. 'అతుకు లతకని' దగ్గర నాలుక ఆడుతోంది. పైగా తప్పులు నేర్పడానికి తప్పుల సినిమా కావాలి గనక నాలుగో పాదం దానంతటదే వచ్చి కూర్చుంది. కుర్రాడు చెప్పాలనుకున్నది ఇదే.

కృష్ణలంక:
తడిని పొడినేరి వేర్వేరు తట్టలందు
వేయుమని తెల్పె నగరాన వీధి బొమ్మ
మురికి కాల్వల కంపంత ముగిసి పోయె
చెత్త సినిమాయె జనులకు చేసె మేలు

నిర్వాహకుడు:
చెత్త మీద తీసిన సినిమా! సమస్య ఇచ్చినప్పుడు నాకిది తట్టనే లేదు. నగరాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2021లో విజయవాడ దేశంలో మూడో స్థానంలో నిలిచింది కాబట్టి మొదటి రెండు పాదాలకు అడ్డు చెప్పను. మూడో పాదం మాత్రం బందరు కాలువ ఒడ్డున ఉండే మా బావ ఒప్పుకోడు.

కొత్త సభ్యుడు (పటమట):
ముక్కు మొగముల నవ్వుట మోటుతనము
కథల లోపాలు చెప్పిన మెచ్చుకొందు
హద్దు తెలిసిన రివ్యూకు హాస్య మబ్బె
చెత్త సినిమాయె జనులకు చేసె మేలు

బ్రాడీపేట మాస్టారు:
రెండో పాదంలో యతి తప్పింది నాయనా, 'క'కు 'మె' పొసగదు. 'కథల లోపాలు చెప్పుట ఘనము కాదె' అను, సరిపోతుంది. మాట మాత్రం సూటిగా ఉంది. నటుడి పొట్టనీ జుట్టునీ పట్టుకుని వేసే జోకులు చూసి చూసి విసుగెత్తింది.

గవర్నరుపేట లాయరు:
హద్దు అన్నారు కనుక, చట్టంలోనూ ఒకటుంది. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. సినిమా మూడొంతులు చూపించేసి మధ్యలో నాలుగు మీములు అతికించినంత మాత్రాన అది సమీక్ష అయిపోదు. అలాంటివి నేనైతే చూడను, కేసు మాట అటుంచి బోరు.

నిర్వాహకుడు:
ఈ వారం వీరతాడు ఎడిటర్ గారికే. కృష్ణలంక వారికి చమత్కారానికి వేరే చప్పట్లు. ఇక తగువు సంగతి. సినిమా చూడనివాడికి కూడా ఎక్కడ బెడిసికొట్టిందో తెలిసి నవ్వొస్తే ఆ రివ్యూ చూడొచ్చు. ఆ నటుడంటే ముందే పడనివాడికి మాత్రమే నవ్వొస్తే అక్కర్లేదు. సినిమా రెండున్నర గంటలైతే దాన్ని తిట్టడానికి మూడు గంటలు తీసుకునేవాళ్లను ఏం చేయాలో నాకూ తోచడం లేదు.

మాచవరం అక్క:
నాలాగే పడుకోండి.

నిర్వాహకుడు:
అయితే వచ్చే వారం సమస్య మీ ఖాతాలోనే. ఆటవెలది, చివరి పాదం:
నిద్రపోవువాడె నిజము గనును