షియాన్‌కి రెండు రోజులే ఉంటే మట్టి సైనికుల కోసం ఒక రోజు పెట్టాలా?

గుంటూరు_మిర్చి:
అందరికీ నమస్కారం. అక్టోబరులో కాంటన్ ఫెయిర్ (విడతలుగా జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన) కోసం గ్వాంగ్‌జౌ వెళ్తున్నాం, చైనా వెళ్ళడం ఇదే మొదటిసారి. ఫేజ్ 1 అయ్యాక ఫేజ్ 2 మొదలయ్యే లోపు దొరికే ఖాళీలో షియాన్ చూసి రావాలని ప్లాన్. మా నాన్నగారు కూడా వస్తున్నారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైర్ అయ్యారు, మోకాళ్ళు ఇబ్బంది పెడతాయి గానీ చూడాలన్న ఉత్సాహం నాకంటే ఆయనకే ఎక్కువ. సోమవారం పొద్దున్నే దిగుతాం, మంగళవారం రాత్రి తిరుగు విమానం. షియాన్ అంటేనే మట్టి సైనికులు, అంటే చిన్ చక్రవర్తి సమాధి కోసం పాతిపెట్టిన మట్టి బొమ్మల సైన్యం, అవి చూడకపోతే అసలు వెళ్ళడం ఎందుకని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. వెళ్ళొచ్చిన ఫ్రెండ్ మాత్రం రోజంతా దానికే పోతుంది, ఇక ఊరు చూడనట్టే అంటున్నాడు. తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

ఓరుగల్లు_బాటసారి:
మీ ఫ్రెండ్ చెప్పిందే నిజం అన్నా. నా మాట కూడా వద్దనే. ఆ మ్యూజియం షియాన్‌లో లేదు, తూర్పున లింటోంగ్‌లో ఉంది, ఊరి నుంచి 40 కిలోమీటర్ల దాకా. పోను రాను టైమ్, సెక్యూరిటీ లైను, గేటు నుంచి లోపలికి నడక, అన్నీ కలుపుకుంటే పొద్దున బయల్దేరినవాళ్ళు ఊళ్ళోకి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అంత కష్టపడి వెళ్తే బొమ్మలు బయటపడిన మొదటి గొయ్యి దగ్గర రెయిలింగ్ పట్టుకుని నాలుగు వరుసల జనం నిలబడి ఉంటారు, వాళ్ళ ఫోన్ల సందుల్లోంచి ఎక్కడో దూరంగా కింద బొమ్మలు కనపడతాయి. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దాయన్ని అక్కడ నిలబెడతారా?

పురాతన సమాధే చూడాలనుకుంటే ఎయిర్‌పోర్టు వైపు హాన్ యాంగ్‌లింగ్ ఉంది. హాన్ వంశపు జింగ్ చక్రవర్తిది, ఆయన క్రీ.పూ. 141లో పోయాడు. గోతుల మీదే గాజు పరిచారు, మన కాళ్ళ కిందే బొమ్మలు ఉంటాయి. రెండడుగులకి కాస్త అటూ ఇటూ ఎత్తు, చేతులుండవు, బట్టలుండవు. చేతులు చెక్కతో చేశారు, బట్టలు పట్టుతో కుట్టారు, రెండూ మట్టిలో చివికిపోయాయి. పక్కన మట్టి పందులు, గొర్రెలు, కుక్కలు మందలు మందలుగా ఉంటాయి. జనం పలుచగా ఉంటారు, ఎంతసేపైనా వంగి చూసుకోవచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీలో అటే వెళ్ళి చూసుకుని, ఆ తర్వాత ఊళ్ళోకి రండి.

కృష్ణవేణి:
బాటసారి గారూ, మీరు చెప్పిన హాన్ యాంగ్‌లింగ్ మంచి చోటే, నేనూ చూశాను, కాదనను. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, అందులోనూ జీవితమంతా పిల్లలకి చరిత్ర చెప్పిన మనిషికి, లింటోంగ్ వద్దని చెప్పడానికి నాకు మనసొప్పదు. 1974 మార్చిలో రైతులు నీళ్ళ కోసం బావి తవ్వుతుంటే బయటపడిన సైన్యం అది. ఆ బావి తవ్విన చోటు ఇప్పటికీ మొదటి గొయ్యి ముందు భాగంలో గుర్తు పెట్టి ఉంటుంది. ఆ గొయ్యి ఒక్కటే 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. ఫొటోలో ఆ కొలత అర్థం కాదు. తలుపు దాటి లోపలికి అడుగు పెట్టినప్పుడే అర్థమవుతుంది.

జనం గొడవకి కూడా దారుంది. అందరూ ముందు వైపే గుమిగూడి ఫొటోలు తీసుకుని పక్కకి వెళ్ళిపోతారు. మీరు పక్క దారిలో చివరిదాకా నడవండి. అక్కడ ముక్కలు అతికించే పని జరుగుతుంటుంది, తల లేని మొండేలు, నడుము దాకే అతికిన మనుషులు, నంబర్లు కట్టిన పెంకులు. ముందు వరుసల్లో నిటారుగా నిలబడ్డవాళ్ళంతా ఒకప్పుడు ఇలా ముక్కలుగా ఉన్నవాళ్ళే అని అక్కడే తెలుస్తుంది. నాకు ఆ వెనక భాగమే ముందు భాగం కంటే గొప్పగా అనిపించింది.

రెండో గొయ్యి దగ్గర గాజు పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు, వాణ్ణి వదలొద్దు. వెనక్కి వెళ్ళి వాడి చెప్పు అడుగు చూడండి. కుట్లు కుట్లుగా గీతలు కనిపిస్తాయి, మడమ దగ్గర ఒక రకంగా, మధ్యలో ఇంకో రకంగా. మట్టి బొమ్మ అరికాలికి అంత పని ఎవరు చేస్తారండీ? చక్రవర్తితో పాటు పాతిపెట్టేదాన్ని మళ్ళీ ఎవరూ చూడరని తెలిసీ చేశారు. అలా కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ కంటే పొట్టి కాబట్టి గోతి పైకప్పు కూలినప్పుడు దెబ్బ తక్కువ తగిలింది. ఇది మీ నాన్నగారికి చూపించకుండా తిరిగొస్తారా?

షియాన్_మెడికో:
నేను ఇక్కడే ఎంబీబీఎస్ చదువుతున్నా. మా బ్యాచ్‌లో తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం, ఇంటి నుంచి ఎవరు వచ్చినా తిప్పి చూపించేది మేమే, కాబట్టి కొన్ని పనికొచ్చే సంగతులు చెప్తా.

అన్నా, మీరు దిగేది సోమవారం. ఊళ్ళో ఉన్న షాన్‌షీ హిస్టరీ మ్యూజియం సోమవారం మూసేస్తారు. మిగతా రోజుల్లో ఫ్రీయే గానీ ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, స్లాట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. మట్టి సైనికుల మ్యూజియం సోమవారం కూడా ఉంటుంది. టికెట్ 120 యువాన్లు, పాస్‌పోర్ట్ నంబరుతో ముందే తీసుకోవాలి.

వెళ్ళడానికి మెట్రో లైన్ 9లో హువాచింగ్ పూల్ స్టేషన్ దాకా వెళ్ళి అక్కడ బస్సెక్కితే ఖర్చు చాలా తక్కువ. కానీ అంకుల్ ఉన్నారు కాబట్టి ఇద్దరూ టాక్సీలో వెళ్ళండి. చౌకగా వస్తుంది కదా అని టూర్ ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. మా సీనియర్ వాళ్ళ అమ్మానాన్నలు అలాంటి టూర్‌లో వెళ్తే మధ్యలో బొమ్మలు అమ్మే ఫ్యాక్టరీలోనూ జేడ్ రాళ్ళ షాపులోనూ దించి, మ్యూజియంలో గంటన్నర కూడా ఉండనివ్వలేదు. బాటసారి అన్న చెప్పే రోజంతా పోవడం చాలామందికి ఇలాంటి వాటి వల్లే. సొంతంగా పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ఊళ్ళో ఉండొచ్చు.

ఇంకోటి, యూపీఐ ఇక్కడ నడవదు. అలీపే యాప్‌కి వీసా గానీ మాస్టర్ గానీ కార్డు ఇండియాలో ఉండగానే లింక్ చేసుకోండి, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేయండి, ఓటీపీ కోసం మన సిమ్‌కి రోమింగ్ ఉంచండి. హోటల్ వైఫైలో గూగుల్, వాట్సాప్ రావు, రోమింగ్ డేటాలో వస్తాయి. ఇది తెలియక మొదటి రోజంతా టెన్షన్ పడినవాళ్ళు చాలామంది.

ఓరుగల్లు_బాటసారి:
తమ్ముడు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, టూర్ బస్సుల సంగతి మరీ నిజం. అయినా నా వాదన టైమ్ ఒక్కటే కాదు. మనవాళ్ళు షియాన్ వెళ్తే మనకి సంబంధం ఉన్న చోటు ఆ ఊళ్ళోనే ఉంది, దాన్ని వదిలేసి చిన్ చక్రవర్తి సైన్యం కోసం పరిగెత్తుతారు. చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ మన అమరావతి దగ్గర ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి అభిధర్మం (బౌద్ధ తత్వశాస్త్రం) చదువుకున్నాడు. అక్కడి ఆరామాలు అప్పటికే చాలావరకు పాడుబడ్డాయని రాసిపెట్టాడు. మన దగ్గర 7వ శతాబ్దంలో ఏం మిగిలింది, ఏం పోయింది అన్నదానికి కళ్ళారా చూసి రాసిన సాక్ష్యం అది. ఆయన 645లో షియాన్‌కి, అంటే అప్పటి చాంగాన్‌కి, 657 గ్రంథాలు మోసుకుని తిరిగొచ్చాడు. వాటిని దాచడానికి 652లో కట్టించిందే పెద్ద హంస పగోడా. గుంటూరు నుంచి వెళ్ళే సోషల్ మాస్టారికి దీన్ని మించింది ఏముంటుంది? కుదిరితే ఊరికి దక్షిణాన షింగ్‌జియావో గుడికి కూడా వెళ్ళండి, ఆయన అస్థికల మీద కట్టిన ఐదంతస్తుల ఇటుక స్తూపం అక్కడుంది, పక్కన ఇద్దరు శిష్యులవి చిన్నవి. టూరిస్టులు అంతగా రారు.

కృష్ణవేణి:
ధాన్యకటకం సంగతి గుర్తు చేశారు, చాలా సంతోషం, పగోడా చూడాల్సిందే. కానీ పగోడా చూడాలి కాబట్టి సైనికులు వద్దు అనడం ఏం లెక్క? రెండూ రెండు రోజుల్లో హాయిగా పడతాయి. నా అభ్యంతరం వేరే ఉంది. ఊరు ఊరు అని చెప్పేవాళ్ళు చివరికి తీసుకెళ్ళేది పగోడా పక్కనున్న లైట్ల వీధికి. టాంగ్ వంశపు కాలం (హుయాన్‌త్సాంగ్ నాటి) వేషాలు అద్దెకి తీసుకుని ఫొటోలు దిగే జనం, ఈమధ్య కట్టిన భవనాలు. కోటగోడ కూడా 1980ల్లో పెద్ద ఎత్తున బాగుచేసిందే. లింటోంగ్‌లో కనిపించేది మాత్రం ముక్కలు అతికించినా అప్పటి మట్టే.

ఓరుగల్లు_బాటసారి:
లైట్ల వీధికి వెళ్ళమని నేను అనలేదండీ, అది నాకూ నచ్చదు. కోటగోడని మాత్రం తక్కువ చేయకండి. 1370లలో మింగ్ వంశపు రాజులు కట్టింది, దాదాపు 14 కిలోమీటర్ల చుట్టు, పైన 12 మీటర్లకి పైగా వెడల్పు. బాగుచేశారు కాబట్టే ఇవాళ చుట్టూ తిరగగలుగుతున్నాం. మా ఓరుగల్లు మట్టికోట, రాతికోట ఏ స్థితిలో ఉన్నాయో చూస్తూ పెరిగినవాణ్ణి, ఒక ఊరు తన గోడని మొత్తం నిలబెట్టుకుంటే దాన్ని తప్పు పట్టడం నా వల్ల కాదు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కితే పైన సైకిళ్ళు అద్దెకిస్తారు, నడవలేనివాళ్ళకి బ్యాటరీ బండ్లున్నాయి. ఒకవైపు పాత ఊరి కప్పులు, ఇంకోవైపు టవర్లు. సాయంత్రం ఐదు తర్వాత ఎక్కండి.

బెజవాడ_పద్మ:
ఇంతమంది చెప్తున్నారు గానీ తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన శాకాహారా మాంసాహారా? శాకాహారి అయితే లియాంగ్‌పీ అడగండి, చల్లటి పిండి నూడుల్స్, కీరా ముక్కలు, వెనిగర్, పైన ఎర్రగా మిరప నూనె. మన నాలుకకి వెంటనే నచ్చుతుంది. సూప్ నూడుల్స్ జోలికి వెళ్ళకండి, కూరగాయలవే అని చెప్పినా ఆ నీళ్ళు మాంసానివే అయ్యుంటాయి. మాంసం తింటారా, డ్రమ్ టవర్ వెనక ముస్లిం వీధుల్లో యాంగ్‌రో పావ్‌మో తినాల్సిందే. గట్టి రొట్టె, ఖాళీ గిన్నె మన ముందు పెడతారు, రొట్టెని శనగగింజంత ముక్కలుగా మనమే తుంచాలి, అప్పుడు గిన్నె లోపలికి తీసుకెళ్ళి మటన్ పులుసు పోసి ఉడికించి తెస్తారు. తొందరపడి పెద్ద ముక్కలు వేస్తే రుచి పట్టదు. పెద్ద వీధిలో కాకుండా పక్క సందుల్లో తినండి. ఆ సందుల్లోనే పాత మసీదు ఉంది, గుమ్మటం లేకుండా అచ్చం చైనా గుడిలా చెక్క కప్పులు, తోటలు. లోపల ప్రశాంతంగా కూర్చోవచ్చు, మోకాళ్ళకీ విశ్రాంతి.

గుంటూరు_మిర్చి:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. పొద్దున కాఫీ తాగుతూ థ్రెడ్ అంతా నాన్నగారికి చదివి వినిపించాను. ధాన్యకటకం మాట రాగానే ఆయన మొదటి ఓటు పగోడాకి. విలుకాడి చెప్పు కుట్లు కూడా చూడాలి అన్నారు. కాబట్టి సోమవారం దిగి, హోటల్లో సామాను పడేసి టాక్సీలో లింటోంగ్, సాయంత్రం పద్మ గారు చెప్పిన సందులు. మంగళవారం పొద్దున పగోడా, ఓపికుంటే షింగ్‌జియావో, సాయంత్రం గోడ, అటు నుంచి ఎయిర్‌పోర్టు. ఆయన మాంసాహారే. పగోడా పైకి ఎక్కించనా వద్దా?

ఓరుగల్లు_బాటసారి:
ఎక్కించకండి. 64 మీటర్ల ఎత్తు, లోపల ఇరుకు మెట్లు. కింద గుడి ఆవరణలో కూర్చోబెట్టి మీరొక్కరే ఎక్కి రండి. లింటోంగ్ విషయంలో నా మాట మాత్రం మారదు, రెండోసారి వెళ్ళినప్పుడు చూడాల్సింది అది.

కృష్ణవేణి:
రెండోసారి ఎవరికి రాసిపెట్టి ఉందండీ? ఆయన్ని ఇప్పుడే చూడనివ్వండి. పగోడా విషయంలో నేనైతే మొదటి రెండంతస్తులైనా ఎక్కమంటాను, కాలు సహకరించకపోతే అక్కడి నుంచే దిగిపోవచ్చు.

షియాన్_మెడికో:
అన్నా, టికెట్లకి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా పూర్తిగా కొట్టండి. మనవాళ్ళ పొడుగు పేర్లు ఆ బాక్సుల్లో పట్టక గేటు దగ్గర ఇబ్బంది పడుతుంటారు. గేటు దగ్గర ఒరిజినల్ పాస్‌పోర్టే చూస్తారు, హోటల్లో వదిలేసి రాకండి. సోమవారం విమానం ఆలస్యమై మధ్యాహ్నం దాటితే లింటోంగ్‌ని మంగళవారం పొద్దుటికి మార్చి, షింగ్‌జియావో తీసేయండి. మంగళవారం మధ్యాహ్నం నాకు క్లాసులు ఉండవు, గోడ దగ్గరికి నేనూ వస్తా.