పాత్‌లన్నీ పోయాక ఐఓ (డిస్క్‌లో చదవడం, రాయడం) వేలాడుతోంది, రీబూట్ తప్పదా?

ప్రశ్న:
లినక్స్ సర్వర్‌కి ఫైబర్ చానల్ మీద ఒక లన్ (స్టోరేజ్ ఇచ్చే డిస్క్), దాన్ని చేరడానికి నాలుగు పాత్‌లు (దారులు). స్విచ్ పని జరుగుతుండగా నాలుగూ పోయాయి. అప్పటినుంచి ఆ మౌంట్‌లో ఎల్ఎస్ కొడితే ప్రాంప్ట్ తిరిగి రావట్లేదు. కిల్ -9కి కూడా ప్రాసెస్‌లు చావట్లేదు, లోడ్ యావరేజ్ పెరుగుతూనే ఉంది. ఏం చెయ్యాలండీ?

జవాబు:
ఇప్పుడే రీబూట్ చెయ్యకండి. అన్‌మౌంట్ దగ్గర షట్‌డౌనే ఇరుక్కుపోవచ్చు. ముందు పాత్‌ల స్థితి చూపే 'మల్టీపాత్ -ఎల్ఎల్' కమాండ్ కొట్టి చూడండి. పాత్‌లన్నిటికీ 'ఫెయిల్డ్ ఫాల్టీ' అనీ, పైన ఫీచర్స్‌లో 'క్యూ_ఇఫ్_నో_పాత్' అనీ ఉంటే జరిగింది ఇదే: దారి లేని ఐఓని ఎర్రర్‌తో తిప్పి పంపకుండా కెర్నల్ క్యూలో పట్టుకుని కూర్చుంది. దానికోసం ఎదురుచూసే ప్రాసెస్ డీ స్టేట్‌లో (ఐఓ ముగిసేదాకా లేవని నిద్రలో) ఉంటుంది, సిగ్నల్ దాన్ని చేరదు.

స్విచ్ కాసేపట్లో లేస్తుందంటే ఏమీ ముట్టుకోకండి. ఒక్క పాత్ వచ్చినా ఆగిన రాతలు ఆగిన చోటినుంచే సాగుతాయి, డేటా భద్రం. క్యూ ఉన్నదే అందుకు. ఇక రాదని తేలితేనే, ఎంపాత్‌ఏ ఉన్నచోట మీ మల్టీపాత్ డివైస్ పేరు పెట్టి, ఇది కొట్టండి:

డీఎంసెటప్ మెసేజ్ ఎంపాత్‌ఏ 0 ఫెయిల్_ఇఫ్_నో_పాత్

క్యూలో ఉన్నవన్నీ ఎర్రర్‌తో బయటపడతాయి. డిస్క్‌కి చేరని రాతలు పోయినట్టే, ఫైల్‌సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఆ ఫైల్‌సిస్టమ్ షట్‌డౌన్ అవుతుంది. అది తెలిసే చెయ్యండి.

ప్రశ్న:
రెండు పాత్‌లు వచ్చాయి, మెసేజ్ కొట్టకుండానే అన్నీ కదిలాయి. చాలా థ్యాంక్స్ అండీ. మళ్ళీ ఇలా వేలాడకుండా మల్టీపాత్ కాన్ఫిగ్ ఫైల్ డిఫాల్ట్స్ సెక్షన్‌లో 'నో_పాత్_రీట్రై 12' (దారి లేకపోతే 12 సార్లు చూసి వదిలెయ్యమని) పెట్టి రీకాన్ఫిగర్ చేశా. ఫీచర్స్‌లో మార్పేం లేదు, పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు:
ఫీచర్స్‌ని బట్టి చెప్పలేం. అంకె ఇచ్చినా పాత్‌లు బాగున్నంతకాలం 'క్యూ_ఇఫ్_నో_పాత్' కనిపిస్తూనే ఉంటుంది. 'మల్టీపాత్‌డీ షో మ్యాప్స్ స్టేటస్' కొట్టి క్యూయింగ్ కాలమ్ చూడండి. '12 చెక్' అని ఉంటే అంకె పట్టింది. 'ఆన్' అని ఉంటే ఎప్పటికీ పట్టుకునే ఉంటుంది.

'ఆన్' ఉంటే తప్పు మీది కాకపోవచ్చు. చాలా స్టోరేజ్ మోడల్స్‌కి సాఫ్ట్‌వేర్‌లోనే సొంత సెట్టింగ్స్ ఉంటాయి, డివైసెస్ సెక్షన్ మాట డిఫాల్ట్స్ కన్నా పైన చెల్లుతుంది. అంకెని దానికన్నా పైన చెల్లే ఓవర్‌రైడ్స్ సెక్షన్‌లో పెట్టండి.

పోలింగ్_ఇంటర్వల్, అంటే పాత్‌లని ఎంతసేపటికోసారి పరీక్షించాలన్నది, మామూలుగా 5 సెకన్లు. 12 సార్లంటే సుమారు 60 సెకన్లు ఆగి, తర్వాత ఎర్రర్ ఇస్తుంది. మీ స్విచ్ రీబూట్‌కి రెండు నిమిషాలు పడుతుంటే ఈ అంకె చాలదు, ముందు ఆ టైమ్ కొలవండి. క్లస్టర్ నోడ్ అయితే నేను అంకె బదులు 'ఫెయిల్' పెడతాను. ఎర్రర్ వెంటనే వస్తేనే రెండో నోడ్ సర్వీస్ అందుకుంటుంది.

ప్రశ్న:
'ఆన్' అనే ఉందండీ. ఓవర్‌రైడ్స్‌లో పెట్టాక '12 చెక్' వచ్చింది. స్విచ్ లేవడానికి పట్టే టైమ్ కొలిచి అంకె మారుస్తాను.