నాన్నకి నాలుగు కీమోలు అయ్యాయి, మెయింటెనెన్స్ టాబ్లెట్ ట్రయల్‌లో చేరమంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

అందరికీ నమస్తే అండి. మా నాన్నకి 61 ఏళ్ళు, ఊపిరితిత్తుల క్యాన్సర్ స్టేజ్ 4, అడినోకార్సినోమా అనే రకం అని రిపోర్ట్‌లో ఉంది. హైదరాబాద్‌లో చూపిస్తున్నాం. కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్ అనే కీమో మందులు కలిపి నాలుగు సైకిల్స్ అయిపోయినయ్, మొన్న స్కాన్‌లో గడ్డ కొంచెం తగ్గింది, కొత్తగా ఎక్కడా రాలేదు అన్నారు. ఇంట్లో అందరం కాస్త కుదుటపడ్డాం అనుకునేలోపు అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఒక మేడమ్ వచ్చి 22 పేజీల కాయితాలు చేతిలో పెట్టి, ఇది మెయింటెనెన్స్ ట్రయల్, టార్గెటెడ్ టాబ్లెట్, మందు ఫ్రీ, రేపు పొద్దున సంతకం పెట్టి తీసుకురండి అన్నారు. కొందరికి అసలు మందు, కొందరికి డమ్మీ ఇస్తారంట, ఎవరికి ఏది వచ్చిందో డాక్టర్‌కి కూడా తెలియదంట. నాన్న ఒకటే మాట, నాకు ఉత్త గోలీ వస్తే నా గతేంది అని. రాత్రంతా నిద్రపోలే. నేను డిగ్రీ చదివినా ఆ కాయితాలు నాకే సగం అర్థం కాలేదు. మీలో ఎవరికన్నా అనుభవం ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (కరీంనగర్ నుంచి)

తమ్మీ ముందైతే రేపు పొద్దున సంతకం పెట్టకు. ఇంటికి తీస్కపోయి చదువుకుంటం, రెండు మూడు రోజుల్ల చెప్తం అను. అది నీ హక్కు, ఎవరూ కాదనరు.

జవాబు (గుంటూరు నుంచి, అమ్మ కోసం ఇదంతా దాటొచ్చినదాన్ని)

తమ్ముడూ, ముందు ఒక్క విషయం చెప్పు, నాన్నగారి గడ్డలోంచి తీసిన ముక్క (బయాప్సీ) మీద ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పు, అంటే మ్యుటేషన్, ఉందేమో చూసే టెస్టులు చేశారా? రిపోర్ట్ ఏమొచ్చింది? మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది, ట్రయల్‌లో చేరాలా వద్దా అన్నది కూడా.

ఎందుకంటున్నానో చెప్తాను. మెయింటెనెన్స్ అంటే కీమోతో జబ్బు అదుపులోకి వచ్చాక అది మళ్ళీ పెరగకుండా ఆపకుండా ఇచ్చే మందు. ఎర్లోటినిబ్ అనే టాబ్లెట్ మీద శాటర్న్ అని పెద్ద ట్రయల్ జరిగింది, అచ్చం మీ నాన్నగారి పరిస్థితే, నాలుగు కీమోలు అయ్యి జబ్బు పెరగని 889 మందిని రెండు గ్రూపులు చేసి ఒకరికి టాబ్లెట్, ఒకరికి డమ్మీ ఇచ్చారు. మొత్తం మీద చూస్తే జబ్బు పెరగకుండా ఆగింది 12.3 వారాలు, డమ్మీ వాళ్ళకి 11.1 వారాలు. అంటే వారం తేడా! కానీ ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉన్న కొద్దిమందిని విడిగా చూస్తే జబ్బు పెరిగే రిస్క్ పదో వంతుకి పడిపోయింది. మందు అదే, రోగం పేరు అదే, లోపలి తాళం వేరు. దాని మీదే 2010లో అమెరికాలో ఈ టాబ్లెట్‌ని మెయింటెనెన్స్‌కి మ్యుటేషన్ ఉన్నా లేకపోయినా ఇవ్వొచ్చని ఒప్పుకున్నారు. తర్వాత ఐయూనో అని ఇంకో ట్రయల్ చేశారు, మ్యుటేషన్ లేని 643 మందిలో, ముందే టాబ్లెట్ మొదలుపెడితే మంచిదా, జబ్బు పెరిగాక ఇస్తే మంచిదా అని. ముందే ఇచ్చిన వాళ్ళు 9.7 నెలలు, ఆగి ఇచ్చిన వాళ్ళు 9.5 నెలలు బతికారు. తేడానే లేదు. 2016లో అమెరికా వాళ్ళు ఆ అనుమతిని మ్యుటేషన్ ఉన్నవాళ్ళకి మాత్రమే అని కుదించేశారు.

చైనాలో జెఫిటినిబ్ అనే ఇలాంటి టాబ్లెట్‌తోనే చేసిన ఇన్ఫార్మ్ ట్రయల్‌లో కూడా ఇదే కథ, 296 మంది మీద మొత్తంగా జబ్బు ఆగింది 4.8 నెలలు, డమ్మీకి 2.6, కానీ మ్యుటేషన్ ఉన్నవాళ్ళలో 16.6 నెలలు, డమ్మీకి 2.8. అందుకే అంటున్నా, ఆ రిపోర్ట్ చూడకుండా టార్గెటెడ్ టాబ్లెట్ అన్న మాటకి సంతోషపడొద్దు, భయపడొద్దు. టార్గెట్ ఉందో లేదో తెలిస్తేనే అది టార్గెటెడ్.

ఖమ్మం నుంచి

అక్కా చాలా థ్యాంక్స్. ఇప్పుడే ఫైల్ అంతా తీసి చూశా. బయాప్సీ రిపోర్ట్ కింద ఒక లైన్ ఉంది, ఈజీఎఫ్ఆర్ టెస్ట్‌కి ముక్క సరిపోలేదు, మళ్ళీ శాంపిల్ పంపండి అని. మాకెవరూ చెప్పలే. అప్పుడు ఆయాసం ఎక్కువుంది కదా వెంటనే కీమో మొదలుపెట్టిన్రు, ఇక అది అట్లనే ఉండిపోయింది. నాన్న బీడీలు తాగేవాడు, తాగేవాళ్ళకి ఆ మ్యుటేషన్ రాదని పక్క బెడ్ వాళ్ళు అన్నారు, అందుకే నేను కూడా పట్టించుకోలేదు.

గుంటూరు నుంచి

అయ్యో తమ్ముడూ, ఇది చాలామందికి జరుగుతోంది, నిన్ను నువ్వు తిట్టుకోకు. బీడీ తాగేవాళ్ళలో తక్కువగా కనిపిస్తుంది అన్నమాట నిజమే కానీ రాదు అన్నది తప్పు. మన దేశంలో అడినోకార్సినోమా వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ దొరుకుతుంది, నాలుగో వంతు అంటే చిన్న ఆశ కాదు. మళ్ళీ సూది గుచ్చి ముక్క తీయడానికి నాన్నగారు భయపడితే రక్తంతో చేసే టెస్ట్ ఉంది, లిక్విడ్ బయాప్సీ అంటారు. అందులో మ్యుటేషన్ ఉందని వస్తే నమ్మొచ్చు. లేదని వస్తే మాత్రం పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే గడ్డలోంచి రక్తంలోకి డీఎన్ఏ తక్కువ కారితే దొరకదు, ముఖ్యంగా కీమోతో జబ్బు తగ్గి ఉన్నప్పుడు. అలా వస్తే ముక్క తీయించే మాట డాక్టర్‌తో మళ్ళీ మాట్లాడాలి.

ఒకవేళ ఉందని తేలితే డమ్మీ వచ్చే ట్రయల్ అవసరమే ఉండదు, అసలు మందే ట్రయల్ బయట ఇస్తారు. జెఫిటినిబ్ జనరిక్ మన దగ్గర ఎప్పటినుంచో దొరుకుతోంది. ఓసిమెర్టినిబ్ అనే ఇంకో టార్గెటెడ్ టాబ్లెట్ ఖరీదు ఎక్కువే, 2024 బడ్జెట్‌లో దాని మీద కస్టమ్స్ సుంకం తీసేశారు, కంపెనీ సహాయ పథకం ఉందేమో హాస్పిటల్ సోషల్ వర్కర్‌ని అడుగు. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 350 మంది మన రోగుల మీదే ట్రయల్ చేశారు, జెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే 8 నెలలు, దానికి పెమెట్రెక్సెడ్ కార్బోప్లాటిన్ కలిపితే 16 నెలలు జబ్బు ఆగింది. కానీ గట్టి సైడ్ ఎఫెక్ట్స్ కలిపిన వాళ్ళలో 51 శాతం, ఒక్క టాబ్లెట్ వాళ్ళలో 25 శాతం. ఊరికే వచ్చేది ఏదీ లేదు.

జవాబు (విజయవాడ నుంచి, ట్రయల్ కోఆర్డినేటర్‌గా ఆరేళ్ళు చేశాను)

పైన అక్క చెప్పిందంతా కరెక్ట్. నేను కాయితాల సంగతి చెప్తాను. రాత్రికి చదివి పొద్దున సంతకం అనడం తప్పు, ఎవరు అన్నా తప్పే. 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, అడిగినదానికి జవాబు ఇవ్వాలి, సంతకం చేసిన కాపీ మీకు ఇవ్వాలి, చదవడం రాకపోతే సంబంధం లేని సాక్షి ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఫ్రీగా చేయాలి, నష్టపరిహారం కూడా ఉంటుంది. మధ్యలో ఎప్పుడైనా బయటికి రావొచ్చు, వచ్చినా మీ మామూలు వైద్యం ఆపకూడదు. కాయితాల్లో రోగుల హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉంటుంది, అది ఊరికే అచ్చేసింది కాదు, చెయ్యండి. ట్రయల్ సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ నమోదు చేసే రిజిస్ట్రీలో, రిజిస్టర్ అయి ఉండాలి, 2009 జూన్ నుంచి అది తప్పనిసరి, నంబర్ అడిగి వెబ్‌సైట్‌లో వెతికితే ఏ హాస్పిటల్స్‌లో జరుగుతోంది, ఎవరిని తీసుకుంటున్నారు అన్నీ కనిపిస్తాయి.

డమ్మీ గురించి అసలు అడగాల్సింది ఒక్కటే. పెమెట్రెక్సెడ్ మెయింటెనెన్స్ రెండు గ్రూపులకీ కొనసాగిస్తారా, లేక అది ఆపేసి డమ్మీ ఒక్కటే ఇస్తారా? ఎందుకంటే ఇలాంటి కీమో కాంబినేషన్ తర్వాత పెమెట్రెక్సెడ్ కొనసాగించిన వాళ్ళు పారామౌంట్ ట్రయల్‌లో 13.9 నెలలు, ఆపేసిన వాళ్ళు 11 నెలలు బతికారు. అది ఇప్పుడు మామూలుగా ఇచ్చే వైద్యమే. అది ఉంటూ పైన డమ్మీ అయితే నాన్నగారు ఏమీ పోగొట్టుకోవట్లేదు. రెండోది, జబ్బు పెరిగితే కోడ్ విప్పి, అంటే ఎవరికి ఏది ఇచ్చారో బయటపెట్టి, డమ్మీ వాళ్ళకి అసలు మందు ఇస్తారా అని అడగండి, కొన్ని ట్రయల్స్‌లో ఇస్తారు, కొన్నింట్లో ఇవ్వరు.

నేను పనిచేసినప్పుడు రోగులు విజిట్‌కి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బాలు కూడా తెచ్చేవాళ్ళు, నేను మిగిలిన టాబ్లెట్లు ఒక ట్రేలో పోసి లెక్కపెట్టేదాన్ని. ఒక పెద్దాయన నాలుగు మింగలేదని సిగ్గుపడి దాచాడు. దాయకూడదండి, మింగకపోతే మింగలేదనే చెప్పాలి, వాంతి అయితే అయిందని రాయాలి, దానివల్లే తర్వాత వచ్చేవాళ్ళకి నిజం తెలుస్తుంది.

జవాబు (విశాఖ నుంచి)

మా ఆవిడకి ఇలాగే రక్తంతో చేయించాం, రిపోర్ట్ రావడానికి పది రోజులు పైన పట్టింది. కీమో సైకిల్ తేదీ దగ్గరపడితే ఆపకండి, టెస్ట్ దాని దారిన అది నడుస్తుంది. అక్కా, టాబ్లెట్ మొదలయ్యాక ఇంట్లో ఏం చూసుకోవాలో కూడా రాయండి, మాకు ఎవరూ చెప్పలేదు.

గుంటూరు నుంచి

అమ్మకి రెండో వారంలో మొహం మీద మొటిమల్లా దద్దుర్లు వచ్చాయి, అలర్జీ అనుకుని మేమే టాబ్లెట్ ఆపేశాం, మూడు రోజుల తర్వాత డాక్టర్ చెప్తే తెలిసింది అది ఆ మందు సహజంగా చేసే పనేనని. తర్వాత గోళ్ళ పక్కన వాచి చీము పట్టింది, కుడిచేతి బొటనవేలు. ముద్దపప్పు అన్నం వేళ్ళతో కలుపుకునే మనిషి స్పూన్‌తో తినాల్సి వచ్చింది, దానికి ఏడ్చింది కానీ జబ్బుకి ఏడవలేదు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో వేళ్ళు ముంచి, డాక్టర్ ఇచ్చిన క్రీమ్ రాసేదాన్ని, గోళ్ళు లోపలికి కత్తిరించకూడదు. విరేచనాలు అయితే మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్, రోజుకి నాలుగు దాటితే ఫోన్. కొత్తగా ఆయాసం, పొడి దగ్గు వస్తే మాత్రం ఆగకుండా అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళాలి, ఊపిరితిత్తుల్లో మందు వల్ల వాపు రావొచ్చు, అరుదే కానీ ప్రమాదం. నెలలు బాగానే గడిచి మళ్ళీ పెరిగితే వెంటనే ఇంక అంతే అనుకోకండి, అమ్మకి 14 నెలలకి పెరిగినప్పుడు మళ్ళీ టెస్ట్ చేస్తే టీ790ఎం అనే ఇంకో మ్యుటేషన్ వచ్చింది, దానికి ఓసిమెర్టినిబ్ ఇచ్చారు.

ఖమ్మం నుంచి

అందరికీ దండాలు. ఈరోజు పొద్దున మేడమ్‌కి టైమ్ కావాలి అని చెప్పా, సరేనన్నారు, పెద్దగా ఏమనలేదు. పెమెట్రెక్సెడ్ రెండు గ్రూపులకీ ఉంటుందంట, కాయితాల్లో తొమ్మిదో పేజీలో ఉంది, నేను చూడలే. డాక్టర్ గారితో ముక్క సరిపోలేదన్న లైన్ చూపించా, ఆయన ఫైల్ అటూ ఇటూ తిప్పి, ఇది ముందే చేయాల్సింది, ఈరోజే రక్తం ఇవ్వండి అన్నారు. ఇచ్చినం. రిపోర్ట్ వచ్చేదాకా ట్రయల్ సంతకం ఆపిన్రు. నాన్నకి ఉత్త గోలీ ఒక్కటే ఇయ్యరంట, సెలైన్‌లో ఎక్కించే పెమెట్రెక్సెడ్ ఎట్లైనా ఉంటది అని చెప్తే ఇవాళ కొంచెం తిన్నడు. ఇంకో డౌట్ అక్కా, నాన్న రోజూ పొద్దున గ్యాస్‌కి పాంటాప్ వేసుకుంటడు, టాబ్లెట్ మొదలైతే ప్రాబ్లమ్ ఉందా?

గుంటూరు నుంచి

ఉంది తమ్ముడూ, మంచి ప్రశ్న. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ ఈ రెండూ ఒంట్లోకి సరిగ్గా ఎక్కాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, పాంటాప్ దాన్ని తగ్గించేస్తుంది. ఓసిమెర్టినిబ్‌కి ఆ ఇబ్బంది లేదు. డాక్టర్‌తో ముందే చెప్పు, వేరేది ఇస్తారు, మీరే ఆపకండి. బీడీ ఇంకా తాగుతుంటే అది కూడా చెప్పు, ఎర్లోటినిబ్‌ని పొగ ఒంట్లోంచి త్వరగా పంపించేస్తుంది. నాన్నగారు వాడే ప్రతి మందు, చూర్ణాలు కషాయాలు సహా, ఒక కాయితం మీద రాసి ఫైల్‌లో మొదటి పేజీగా పెట్టు. రిపోర్ట్ రాగానే ఇక్కడే చెప్పు, ఎదురుచూస్తుంటా.